తెరపై తెలుగక్షరము

విజయనగరము జిల్లాయందలి యొక పల్లె గ్రంథాలయమున ఇటీవల మాకు కలిగిన యనుభవమును పాఠకులకు విన్నవింపనెంచితిమి. విషయము చిన్నదిగా తోచవచ్చును. దాని వెనుక నున్న ప్రశ్న మాత్రము చిన్నది కాదు.

ఆ గ్రంథాలయమునకు దాతలు కొందరు ఆరు పాత కంప్యూటర్లను ఒసగిరి. గ్రంథముల పట్టికను వానిలో నెక్కించి, చదువరి తనకు వలసిన పుస్తకము పేరును తెలుగున కొట్టినంతనే అది ఏ బీరువాలో ఏ అరలో నున్నదో తెరపై కానవచ్చునట్లు చేయవలెనని గ్రంథాలయాధికారి కోరిక. ఇంజనీరింగు చదువుచున్న ఊరి యువకులు ఇరువురు ఆ పనికి పూనుకొనిరి. మేమును వారికి తోడైతిమి. నాలుగు దినములలో ముగియునని తలచిన పని నాలుగు వారములు పట్టెను. అంతకాలము ఏల పట్టెనో చెప్పుటయే మా యుద్దేశము.

ఆ ఆరు యంత్రములలో మూడు ఉబుంటు అను లినక్సు వ్యవస్థపై నడచునవి. రెండు విండోస్ 10 గలవి. మిగిలినది 32 బిట్ల పాత యంత్రము. దానిపై విండోస్ 7 ఉన్నది. మన పల్లెలలో పాఠశాలలకైనను, గ్రంథాలయములకైనను దానముగా వచ్చు కంప్యూటర్ల స్థితి సాధారణముగా నిట్లే యుండును. ఒక్కొక్క విధమైన యంత్రమునకు ఒక్కొక్క ప్రోగ్రామును వ్రాయుట వృథాశ్రమ. ఒకే ప్రోగ్రామును వ్రాసి అన్ని యంత్రములపైనను నడిపించుటకు సాధనములు కలవు. వానినే టూల్‌కిట్లని వాడుకలో అందురు.

టూల్‌కిట్టనగా నేమి? తెరపై మనము చూచు కిటికీ, బొత్తాము, పట్టిక, వ్రాతగడి మొదలగువానిని ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతిపర్యాయము తానే చెక్కుకొనడు. ఇల్లు కట్టించువాడు వడ్రంగి చేసియుంచిన ద్వారబంధములను, తలుపులను, కిటికీలను తెచ్చి గోడలలో నిలుపుకొనునట్లు, ఇతడును సిద్ధముగా నున్న సామగ్రిని తెచ్చి వాడుకొనును. మట్టిగోడకును, ఇటుకగోడకును, రాతిగోడకును ఒకే ద్వారబంధము సరిపడినచో ఎంత సౌకర్యమో, విండోసు, మాక్, లినక్సు అను మూడు వ్యవస్థలకును ఒకే టూల్‌కిట్టు సరిపడుట అంత సౌకర్యము. ఇట్టివానిలో ప్రసిద్ధమైనవి మూడు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ ఔస్టర్‌హౌట్ నిర్మించి 1991లో వెలువరించిన టీకే యొకటి. నార్వే దేశస్థులైన హావర్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ అను వారు 1991లో ఆరంభించి 1995లో లోకమున కందించిన క్యూటీ రెండవది. బర్కిలీ విద్యార్థులే గింప్ అను చిత్రలేఖన ప్రోగ్రాము కొరకు నిర్మించుకొనగా, తరువాత సర్వజనోపయోగమునకు వచ్చిన జీటీకే మూడవది.

మా యువకులు మొదట టీకేను ఎన్నుకొనిరి. అందుకు కారణము స్పష్టము. నేడు కళాశాలలలో నేర్పు పైథాన్ భాషను విండోసుపై స్థాపించినచో టీకే దానితోడనే వచ్చును. వేరుగా వెదకుకొన నక్కరలేదు. అయితే ఉబుంటుపై మొదటి మెట్టుననే కాలు తడబడినది. ‘టీకింటర్ అను భాగము లేదు’ అని తెరపై నొక వాక్యము వచ్చి ప్రోగ్రాము నిలిచిపోయెను. ఆ వ్యవస్థలో ఆ భాగమును ప్రత్యేకముగా తెచ్చి నిలుపవలెను. దాని పేరు తెలిసినవానికి అది రెండు నిమిషముల పని. తెలియనివానికి అది గోడ. పాత విండోస్ 7 యంత్రముపై నింకొక చిక్కు. పైథాన్ 3.8కు తరువాతి సంచికలు దానిపై నడువవు గనుక పాత సంచికనే వెదకి తేవలసివచ్చెను. ఇట్టి ఆటంకములన్నియు ఓర్పుతో దాటదగినవే. దాటితిమి. ఆరు యంత్రములపైనను కిటికీ తెరుచుకొనెను. యువకుల సంతోషమునకు మేర లేకపోయెను.

పిమ్మట మొదటి గ్రంథము పేరును ఎక్కించిరి. గురజాడవారు నివసించిన జిల్లాలో మొదటి గ్రంథము ఏది కాగలదు? ‘కన్యాశుల్కము’. విండోసు యంత్రములపై ఆ పేరు చక్కగా కానవచ్చెను. ఉబుంటు యంత్రముపై మాత్రము నకారము పొల్లుతో నిలిచి, దాని ప్రక్కన యకారము వేరుగా నిలిచెను. లకారమునకు పొల్లు, దాని ప్రక్కన కకారము. ఒత్తు ఒక్కటియు తన చోట లేదు. దీర్ఘము తలకట్టుపై నెక్కి కూర్చుండెను. తరువాత ఊళ్ల పేర్లను కొట్టి చూచితిమి. ‘విజయనగరము’న ఒత్తులు లేవు గనుక గుడి, కొమ్ములకు తగిలిన గాయములతో అది బయటపడినది. పొరుగు జిల్లాయగు ‘శ్రీకాకుళము’నకు అంతటి అదృష్టము లేకపోయెను. శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము నాలుగును నాలుగు దిక్కులకు పోయెను. ‘ఇచ్ఛాపురము’ను గుర్తుపట్టుటయే కష్టమయ్యెను.

ఒకే ప్రోగ్రాము, ఒకే టూల్‌కిట్టు, ఒకే పేరు. ఒక యంత్రమున తెలుగు, వేరొక యంత్రమున శిథిలాక్షరములు. ఇది యెట్లు సంభవించినదో పాఠకులు తెలిసికొనదగును.

కంప్యూటరు తన జ్ఞాపకమున తెలుగును మనము వ్రాయు రూపమున ఉంచుకొనదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంచికలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. వానిలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు మున్నగువానికి ఒక్కొక్క సంఖ్య కలదు. ఒత్తులకు వేరు సంఖ్యలు లేవు. ‘కన్యాశుల్కము’ అను మాట యంత్రమునకు పండ్రెండు సంఖ్యల వరుస మాత్రమే. న, పొల్లు, య అను మూడును వరుసగా వచ్చినపుడు నకారము క్రింద యావత్తును చేర్చవలెనని నిర్ణయించునది వేరొక భాగము. అది సంఖ్యల వరుసను చూచి, అక్షరరూపములు గల ఫాంటును సంప్రదించి, తలకట్టు ఎక్కడ తీయవలెనో, ఒత్తు ఎక్కడ దిగవలెనో, గుడి ఎక్కడ కూర్చుండవలెనో తేల్చును. అచ్చుకూటమున కంపోజిటరు చేయు పని యెట్టిదో దీని పని యట్టిది. విండోసుపై టీకే ఆ పనిని విండోసుకే ఒప్పగించును. విండోసునకు తెలుగు కంపోజిటరు కలడు. లినక్సుపై మేము వాడిన టీకే 8.6వ సంచిక కంపోజిటరును పిలువక, ఒక్కొక్క గుర్తును వచ్చినది వచ్చినట్లు తెరపై పేర్చుచున్నది. ఇంగ్లీషునకు ఈ లోపము తెలియదు. ఏ అక్షరమున కా అక్షరము విడిగా నిలుచు భాషకు కంపోజిటరు లేకున్నను గడచును. మనకు గడవదు.

ఇందు దోషము మన లిపిది కాదని స్పష్టముగా చెప్పవలసియున్నది. పూర్వము టైపురైటరు వచ్చినపుడు, యంత్రమునకు తగినట్లు లిపిని కుదింపవలెనని వాదించినవారు కలరు. నేడా వాదమునకు తావులేదు. లిపికి ఒదుగగల యంత్రము వచ్చియున్నది. ఒదుగునట్లు చేయు నిర్మాతయే అన్నిచోట్లను శ్రద్ధ వహించుట లేదు.

శ్రద్ధ వహించినవారును కలరు. 2002లో వెలువడిన జీటీకే రెండవ సంచిక పాంగో అను అక్షరసంధానపు భాగమును తనతో తెచ్చెను. సర్వము అను గ్రీకు మాటను, భాష అను జపాను మాటను కలిపి చేసిన పేరది. తరువాత ఇరాను దేశమున పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ చేతిలో హార్ఫ్‌బజ్ అను భాగము పెంపొందినది. ఆ పేరు పారశీకము. నేడు జీటీకే, క్యూటీలు మాత్రమే గాక, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోనులు సైతము అక్షరములను కూర్చుటకు దానినే ఆశ్రయించుచున్నవి. తన భాషాక్షరములు తెరపై సరిగా నిలువవలెనని ఒక పారశీకుడు పడిన తపనకు ఫలముగా మన ఒత్తులును తమ చోట నిలిచినవి. ఇది మనము కృతజ్ఞతతో తలచుకొనదగిన విషయము. కొంత సిగ్గుతోను తలచుకొనదగినది.

ఈ సంగతి గ్రహించి మా యువకులు ప్రోగ్రామును క్యూటీతో తిరిగి వ్రాసిరి. ఉబుంటుపై మరల నొక గోడ. తెరను నడుపు భాగము ‘కనబడినది గాని ఎక్కింప వీలుకాలేదు’ అని యొక విచిత్ర వాక్యము. కనబడినదానిని ఎక్కింపలేకపోవుట యేమి? విచారింపగా తేలినదేమనగా, క్యూటీ 6.5వ సంచిక మొదలుకొని కర్సరునకు సంబంధించిన యొక చిన్న భాగము వేరుగా నుండవలెను. అది ఆ యంత్రముల మీద లేదు. దానిని తెచ్చి పెట్టినంతనే కిటికీ తెరుచుకొనెను. 32 బిట్ల పాత యంత్రముపై ఆరవ సంచిక నడువదు గనుక అయిదవ సంచికతో సరిపెట్టితిమి. ఉబుంటు యంత్రములలో తెలుగు ఫాంట్ల పొత్తమును చేర్చితిమి. అప్పుడు ‘కన్యాశుల్కము’ ఆరు తెరలపైనను ఒకే తీరున నిలిచెను. బొత్తాములపై మాత్రము ఒత్తుల అడుగుభాగము తెగిపోయినట్లు కానవచ్చెను. ఇంగ్లీషు అక్షరముల కొలతతో ఎత్తును ముందే బిగించియుంచుటచేత కలిగిన లోపమది. తెలుగక్షరము క్రిందికి దిగునది. దానికి కొంత జాగా విడువవలెను. ఎత్తును బిగింపక అక్షరమును బట్టి పెరుగుటకు వదలినంతనే ఆ దోషమును తొలగినది.

నాలుగు వారములలో మమ్ము మిక్కిలి భయపెట్టిన సంగతి వేరొకటి కలదు. మొదటి ప్రయత్నమున అక్షరములు చెదరి కానవచ్చినపుడు, ఒక బాలుడు పొరపాటు తనదేయని తలచి, పేర్లను ‘సరిదిద్ద’ మొదలిడెను. తెరపై కొంత చక్కగా కానవచ్చుటకై పొల్లును తీసివేసి, నడుమ ఖాళీలు చొప్పించి, కొన్నిచోట్ల ఒత్తులేని హల్లులతో సరిపుచ్చెను. యథార్థమునకు లోపల భద్రపరుపబడిన వరుస మొదట సరిగానే యున్నది. చెదరినది చూపు మాత్రమే. బాలుడు దిద్దిన పిదప లోపలి వరుసయే చెడినది. మంచి యంత్రముపై చూచినను ఇక నా పేర్లు తప్పుగనే కానవచ్చును. వెదకినచో దొరకవు. నలువది పేర్లను తిరిగి ఎక్కింపవలసివచ్చెను.

గ్రంథములు గనుక నలువది పేర్లతో పోయినది. అవి మనుష్యుల పేర్లయినచో? 2019 అక్టోబరు 2వ తేదీ మొదలుకొని మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ఏర్పడినవి. పల్లెపల్లెకును కంప్యూటరు బల్ల వచ్చినది. అడంగలు, పాసుపుస్తకము, రేషను కార్డు, పింఛను, జనన మరణముల నమోదు అన్నియు తెరమీదనే సాగుచున్నవి. దస్తావేజున ఒక అక్షరము మారినయెడల ఎన్ని యేండ్లు కచ్చేరీల చుట్టును తిరుగవలెనో భూవసతిగల మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఏ కార్యాలయమున నైనను ఏ ప్రోగ్రామైనను తెలుగును చెదరగొట్టి చూపినచో, దానిని చూచి దిద్దు గుమాస్తా సదుద్దేశముతోనే హాని చేయును. చూపునందలి దోషము దినదినమును లెక్కయందలి దోషముగా మారిపోవును.

అక్షరసంధానము కుదరనందున ఎంత యనర్థము కలుగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. తెలుగు జ్ఞకారమునకు దీర్ఘము చేరు ఒకానొక వరుస, నడుమ కంటికి కనబడని గుర్తొకటి కలిగి, ఐఫోనులకును మాక్ యంత్రములకును సందేశముగా చేరినంతనే దానిని తెరచిన ప్రోగ్రాము కుప్పకూలెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణ సంచికను విడుదల చేసినది. నాడు కొందరు దానిని తెలుగువారిపై హాస్యముగా చెప్పుకొనిరి. హాస్యమున కేమున్నది? కోట్లమంది వ్రాయు లిపియందు సహజముగా కలియు రెండు హల్లులను ఆ యంత్రము పూర్తిగా పరీక్షింపకయే లోకము మీదికి వచ్చినదని అర్థము. పరీక్షించు బల్లవద్ద తెలుగు లేదు.

‘ఇంత బాధ ఏల? ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాసికొన్న చాలదా? అందరి చేతను ఫోను ఉన్నది గదా?’ అని మాతో అన్నవారు కలరు. ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన పేరును ఒక్కొక్కడు ఒక్కొక్క విధముగ చదువును. ‘పల్లి’యో ‘పల్లీ’యో, ‘వాడ’యో ‘వడ’యో తేలదు. ఇక ఫోను చూచుటకు తగినది గాని, పట్టిక వ్రాయుటకు, లెక్క కట్టుటకు, పుస్తకము కూర్చుటకు నేటికిని బల్లమీది కంప్యూటరే దిక్కు. పైగా విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. కొత్త సంచికకు చాలని పాత యంత్రములు ఇకమీదట లినక్సు వైపునకు మరలుట సహజము. అట్టి యంత్రములు మన పల్లెలకే యెక్కువగా చేరును. కావున లినక్సుపై తెలుగు చెదరుట పండితులకు మాత్రమే పట్టిన సమస్య కాదు. మన పిల్లల బల్లమీదికి వచ్చుచున్న సమస్య.

ఈ లోపములను సరిదిద్దుటకు ఎవరి యనుజ్ఞయు మనకు అక్కరలేదు. మేము పేర్కొన్న టూల్‌కిట్లన్నిటి మూలవ్రాతయు బహిరంగముగా నున్నది. ఈ స్వేచ్ఛ ఊరకే వచ్చినది కాదు. క్యూటీ తొలినాళ్లలో సంపూర్ణ స్వేచ్ఛతో లభింపకుండుటచేతనే 1997లో కొందరు జీటీకేను ఆధారము చేసికొని గ్నోమ్ అను ఉద్యమమును లేవదీసిరి. ఆ ఒత్తిడి ఫలముగా 2000లో క్యూటీయును స్వేచ్ఛానుమతితో వెలువడినది. తెలుగువారిలోను ఈ పనికి పూనుకొన్నవారు లేకపోలేదు. స్వేచ్ఛ అను సంస్థవారు డెబియన్ లినక్సును తెలుగు తెరతో తీర్చిదిద్దిరి. గ్నోమ్, కేడీఈల తెరలను స్వచ్ఛందముగా తెనిగించినవారు కలరు. సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన ఫాంట్లలో గిడుగు, గురజాడ అను పేరు గలవియు కలవు. మన రెండు జిల్లాల మహనీయుల పేర్లు గల అక్షరములు ఉచితముగా లభించుచుండగా, ఆ అక్షరములు మన యంత్రములపై నిలుచునో లేదో చూచువారు మన జిల్లాలలోనే కరవగుట తగునా?

శ్రీముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో 1863 ఆగష్టు 29వ తేదీన జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగు వ్రాతను జనుల నోటికి చేరువ చేయుటకు పోరాడిరి. సవరల భాషను వారివద్దనే నేర్చి 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరలకొరకు మంగేయి గొమాంగో 1936లో కూర్చిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడున స్థానము పొందినది. తెలుగునే చెదరగొట్టు ప్రోగ్రాములతో తృప్తిపడు మనము, కొండదిగి పాఠశాలకు వచ్చు సవర బాలునికి ఏమి సమాధానము చెప్పగలము?

కావున మేము కోరునవి మూడు. మొదటిది, విజయనగరమందలి గురజాడ పేరిటి సాంకేతిక విశ్వవిద్యాలయము, ఎచ్చెర్లయందలి అంబేద్కరు విశ్వవిద్యాలయము, రాజాము మొదలగు చోట్ల నున్న ఇంజనీరింగు కళాశాలలు తమ విద్యార్థుల ప్రాజెక్టులలో కొన్నింటినైనను ఈ పనికి కేటాయింపవలెను. ఒక టూల్‌కిట్టును తీసికొని, మూడు వ్యవస్థలపైనను తెలుగుతో పరీక్షించి, కనుగొన్న లోపములను దాని నిర్మాతలకు తెలుపుటయు, చేతనైనచో దిద్ది పంపుటయు ఏ పరదేశపు ప్రాజెక్టునకును తీసిపోని విద్య. రెండవది, ప్రభుత్వమునకు గాని, బ్యాంకులకు గాని, పాఠశాలలకు గాని ప్రోగ్రాము కొనువారు సొమ్ము చెల్లించుటకు పూర్వమే తెలుగు పరీక్షను నియమముగా పెట్టవలెను. పరీక్షకు పెద్ద గ్రంథమేమియు అక్కరలేదు. శ్రీకాకుళము, ఇచ్ఛాపురము, కన్యాశుల్కము, రాష్ట్రము, స్త్రీ, జ్ఞానము అను ఆరు మాటలు చాలును. ఈ ఆరును మూడు వ్యవస్థలపైనను సరిగా నిలిచి, చెరిపినపుడు సరిగా చెరిగి, వెదకినపుడు దొరకినచో ఆ ప్రోగ్రాము ఉత్తీర్ణము. లేనిచో త్రిప్పిపంపవలసినదే. మూడవది, గోడ ఎదురైనపుడు దానిని దాటిన త్రోవను తెలుగున వ్రాసియుంచవలెను. మా యువకులు తాము తడబడిన ప్రతి మెట్టును ఒక నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయముననే ఉంచిరి. తరువాతివారికి నాలుగు వారములు పట్టనక్కరలేదు.

మన జిల్లాల బిడ్డలు వేలకొలదిగ హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు పోయి, లోకములోని ప్రోగ్రాములన్నింటికిని చేతులొడ్డుచున్నారు. వారి నేర్పునందు మాకు సందేహము లేదు. ఆ నేర్పులో నెలకొక దినము మన యక్షరమునకు దక్కినచో ఈ గ్రంథాలయము వంటివి వంద వెలయును. గ్రంథాలయాధికారి మొన్న మాకు వ్రాసిన యుత్తరమున, వృద్ధుడైన రైతొకరు వచ్చి తన చేతులతోనే పుస్తకము పేరు కొట్టి, బీరువా సంఖ్యను కనుగొని తీసికొనిపోయెనని తెలిపినారు. ప్రతి పల్లెలోను ఇది విశేషము కాని దినము రావలెను. అందుకు మన యువకులు, కళాశాలల పెద్దలు పూనుకొందురని ఆశించుచున్నాము.